ఉష్ణమండలంలో వాడితే వారంటీ లేదంటే, బెజవాడలో ఎందుకు అమ్మినట్టు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ బందరు రోడ్డు షోరూంలో 2024లో కొన్న అరవై లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగ్ గురించి రాస్తున్నాను. బిల్లు, వారంటీ కార్డు, ఫోటోలు, మీ సర్వీస్ సెంటర్ వాళ్లు పంపిన జవాబు అన్నీ జత చేశాను కాబట్టి, "వివరాలు పంపండి సార్" అంటూ మళ్లీ మొదటికి తీసుకెళ్లొద్దని మనవి.

వారంటీ ఐదేళ్లని కార్డు మీద అచ్చేసి ఉంది. బ్యాగ్ ఏడాది దాటి కొన్నాళ్లకే పాడైంది. షోరూంలో ఇస్తే సర్వీస్ సెంటర్‌కి పంపారు, వాళ్లు నెలకి పైగా దగ్గర పెట్టుకుని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఉష్ణమండల తేమ వాతావరణంలో ఎక్కువగా వాడటం వల్ల లోపలి పూత దెబ్బతింది, అది వారంటీలోకి రాదట. భుజం పట్టీకి బయటివాళ్లతో కుట్టు వేయించారు కాబట్టి అదీ రాదట. ఇంక వారంటీలోకి వచ్చేది ఏమన్నా మిగిలి ఉంటే అది బహుశా మీ లోగో అయి ఉంటుంది, అది మాత్రం చెక్కు చెదరలేదు.

జరిగింది చెప్తాను. మేం నలుగురు స్నేహితులం, ఇద్దరం బెజవాడ, ఒకడు గుంటూరు, ఒకడు తెనాలి, దసరా అయ్యాక వియత్నాం వెళ్లాం. టూర్ ప్యాకేజీ కాదు, సామాను వీపు మీద వేసుకుని హనోయ్ నుంచి హోచిమిన్ సిటీ దాకా రైళ్లలో, బస్సుల్లో ఎక్కడ నచ్చితే అక్కడ దిగుతూ పోయే ట్రిప్. ఆ రైలు దారే 1,726 కిలోమీటర్లు, అందుకే అందరికన్నా ఖరీదైన బ్యాగ్ నేను కొన్నాను. హనోయ్‌లో, నిన్ బిన్‌లో దానితో ఏ ఇబ్బందీ లేదు, ఆ మాట కూడా చెప్పాలి.

రాత్రి రైలెక్కి హుయెలో దిగేసరికి వాన పడుతోంది. ఆ నెలల్లో మధ్య వియత్నాంలో వానలుంటాయని తెలుసు, తెలిసే వెళ్లాం. బ్యాగ్‌తో పాటు మీరిచ్చిన రెయిన్ కవరే తొడిగాను, ఎలాస్టిక్ అడుగు దాకా లాగి, క్లిప్పు కూడా పెట్టాను. స్టేషన్ నుంచి గెస్ట్ హౌస్ దాకా పావుగంట నడక, అంతే. రూంలో జిప్ తీసి చెయ్యి పెడితే ముందు తగిలింది తడి కాదు, జిగురు. బ్యాగ్ లోపలి గుడ్డకి ఉండే పూత ఎండకి కమిలిన వీపు మీద పొట్టు లేచినట్టు రేకులు రేకులుగా లేచిపోయి నల్ల టీషర్టుల నిండా అంటుకుంది. గిల్లితే గోళ్లకింద చేరుతోంది, దులిపితే పక్క చొక్కాకి అంటుతోంది. పూత ఊడిన చోటల్లా నీళ్లు దిగిపోయి, అడుగున పెట్టిన కందిపొడి ప్యాకెట్టు ముద్దయింది, పవర్ బ్యాంక్ చచ్చింది. పాస్‌పోర్టు నడుముకి కట్టుకున్న పౌచ్‌లో ఉంది కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఈ లేఖ ఇంకో రకంగా ఉండేది.

మా గుంటూరువాడిది పట్నంబజారులో కొన్న పేరు లేని బ్యాగు. దానిమీద వాడు ఆటోనగర్‌లో లారీలకి కప్పే టార్పాలిన్ పట్టా ముక్క ఒకటి కోయించుకొచ్చి తాడుతో కట్టాడు, బయల్దేరేటప్పుడు మేమందరం నవ్వాం. హుయెలో వాడి బట్టలు కరకరలాడుతున్నాయి. "ఏరా, ఏడు వేలు పెట్టి పొట్టు కొన్నావా?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, మీ దగ్గర ఉంటుందేమోనని రాస్తున్నాను.

తర్వాత ఆ రెయిన్ కవర్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి చూశాను. అడుగు కుట్టు వెంబడి సూది రంధ్రాలు వరసగా మెరుస్తున్నాయి. గుడ్డ ఎంత మంచిదైనా కుట్టినచోట రంధ్రం పడుతుంది, అందుకే వాటర్‌ప్రూఫ్ అని అమ్మేవాళ్లు లోపలి వైపు కుట్టు మీద టేపు అతికిస్తారు. మీ కవర్‌కి పైన కుట్టుకి టేపు ఉంది, అడుగు కుట్టుకి లేదు. నీళ్లు జారి చేరేది అడుక్కే కదండీ. ఇది వాడకం వల్ల వచ్చిన లోపం కాదు, తయారీలో మిగుల్చుకున్న టేపు. ఫోటో జత చేశాను, మీ సర్వీస్ సెంటర్ జవాబులో మాత్రం దీని గురించి ఒక్క ముక్క లేదు.

హుయె నుంచి డా నాంగ్ వెళ్లే రైలు హాయ్ వాన్ కొండ అంచు పట్టుకుని సముద్రం పక్కనే పోతుంది, ఆ దారి చూడటానికే పనిగట్టుకుని ఆ రైలెక్కుతారు. నేను కిటికీలోంచి చూసింది తక్కువ, టీషర్టుల మీద పొట్టు గిల్లింది ఎక్కువ. డా నాంగ్‌లో దిగి బ్యాగ్ వీపుకి ఎత్తుకోగానే కుడి పట్టీ మొదట్లో ఊడి చేతికొచ్చింది. ఎడమ పట్టీకి మొదట్లో దగ్గర దగ్గరగా అడ్డకుట్లు గట్టిగా వేసి ఉన్నాయి. కుడి దానికి ఒక్క వరస తిన్నని కుట్టు, అదీ పైగుడ్డనే పట్టింది, లోపలున్న నవారుకి దారం తగలనే లేదు. ఊడిన నవారు చివర ఒక్క సూది గుర్తు కూడా లేదు, క్లోజప్‌లో తీసిన ఫోటో చూడండి. ఎవరో మీ ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు అయిపోయే టైంకి లాగించేసినట్టున్నారు.

ఇక మీరు "బయటివాళ్ల కుట్టు" అన్నారే, ఆ సంగతి. హోయ్ ఆన్ దర్జీలకి పేరున్న ఊరు, కొలతలిస్తే రోజులోపే సూటు కుట్టిచ్చేస్తారు. అక్కడ ఒక దర్జీ ఆవిడ ఆ పట్టీ చూసి, మందపాటి దారంతో నాలుగు పొరలూ కలిపి కుట్టిచ్చింది, లక్ష డాంగులు తీసుకుంది. కంగారు పడకండి, మన డబ్బుల్లో మూడొందల పైచిలుకే. మిగిలిన ట్రిప్ అంతా ఆ కుట్టే మోసింది, ఇప్పటికీ లాగితే కదలదు. ఆ పని అయ్యేలోపు మా వాళ్లు ‘మీ సన్’ (My Son) అనే చోట ఉన్న పాత గుళ్లు చూసొచ్చారు, నేను వెళ్లలేకపోయాను. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టిన శివాలయాలవి. మన పురావస్తు శాఖ వాళ్లు అక్కడ పనిచేస్తుంటే 2020లో తొమ్మిదో శతాబ్దం నాటి ఏకశిలా శివలింగం బయటపడింది, ఆ వార్త చదివిన రోజు నుంచి చూడాలని అనుకున్న చోటు. దానికి మీరు పరిహారం ఇవ్వలేరు, నేనూ అడగట్లేదు. కానీ ఒక చెయ్యి తెగిన బ్యాగ్‌ని పరాయి దేశంలో కుట్టించుకోకుండా, మీ అధీకృత సర్వీస్ సెంటర్ దాకా నెత్తిన పెట్టుకుని రావాల్సిందని మీ ఉద్దేశమా? కుట్టు వేయించకముందు తీసిన ఫోటోలు తేదీలతో సహా పంపాను. ఊడింది మీ కుట్టు, నిలిచింది ఆవిడ కుట్టు, వారంటీ పోయింది మాత్రం ఆవిడ వల్లనట.

ఇప్పుడు అసలు మాటకొస్తాను, ఉష్ణమండలం. హుయె నగరం ఉన్నది దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. విజయవాడ ఉన్నదీ పదహారున్నర మీదే. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే బెజవాడలో మొదలెట్టి హుయె పక్కగా పోతుంది. అక్కడ వాన మనకన్నా రెండు మూడింతలు ఎక్కువ పడుతుంది, నిజమే, రెయిన్ కవర్ ఇచ్చింది అందుకే కదా. కానీ మీవాళ్లు తప్పు పట్టింది వానని కాదు, తేమని, వేడిని. ఆ రెండూ లేని రోజు మా ఊళ్లో ఏడాదికి ఎన్ని ఉంటాయో మీ షోరూంలో ఏసీ కింద కూర్చునే అబ్బాయిని అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు జనం ఇలాంటి బ్యాగులే నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో బయటికొచ్చారు. ఉష్ణమండలంలో వాడితే మాకు సంబంధం లేదనేవాళ్లు కశ్మీర్‌లోనో స్విట్జర్లాండ్‌లోనో దుకాణం పెట్టుకోవాలి గానీ, బందరు రోడ్డులో పెట్టి "వాన కాలానికి సిద్ధం" అని బోర్డు కట్టకూడదు. పైగా వారంటీ కార్డు రెండు వైపులా భూతద్దం పెట్టినంత పనిగా చదివాను, వాతావరణం అన్న మాటే అందులో లేదు. ఆ షరతు నా ఫిర్యాదు వచ్చాక పుట్టింది.

పూత ఎందుకు ఊడిందో కూడా చెప్తాను. అది పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ రకం పూత. తేమ, వేడి కలిస్తే మెల్లమెల్లగా విచ్ఛిన్నమై ముందు జిగురొచ్చి తర్వాత పొట్టులా రాలుతుంది, చవక రకానికి ఇంకా తొందరగా. మామూలుగా దీనికి కొన్నేళ్లు పడుతుంది, ఏడాదిలో రాలిపోయేది కాదు. అందుకే అనుమానం వచ్చి లోపలి జేబులో కుట్టిన చిన్న ట్యాగ్ తిప్పి చూశాను. తయారీ సంవత్సరం 2020. బిల్లు మీద 2024. అంటే నా వీపెక్కక ముందే ఆ బ్యాగ్ నాలుగేళ్లు మీ గోడౌన్లలో మడతపడి మగ్గింది. తేమ తిన్నది నా దగ్గరా, మీ దగ్గరా? సర్వీస్ సెంటర్ వాళ్లకి ఈ ట్యాగ్ కనపడలేదంటే నమ్మను, బ్యాగ్ వెనక్కొచ్చినప్పుడు ఆ జేబు తిరగేసి ఉంది.

నాకు కావలసింది బ్యాగ్ పూర్తి ధర వాపసు, పాడైన పవర్ బ్యాంక్ ఖరీదు, దర్జీకిచ్చిన డబ్బులు. అదే మోడల్ కొత్తది ఇస్తామంటే వద్దు, అది ఏ సంవత్సరం సరుకో మళ్లీ ట్యాగ్ వెతుక్కోవాలి. వాతావరణం షరతు వారంటీ కార్డులో ఎక్కడుందో కూడా రాతపూర్వకంగా చూపించండి, లేదంటే లేదని రాసివ్వండి.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే వేసుకోవచ్చు, మీ హెడ్డాఫీసున్న ఊరు రానక్కర్లేదు. కొన్నది ఐదు లక్షల లోపు సరుకైతే ఫీజు కూడా లేదు, కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. "వాన కాలానికి సిద్ధం" బోర్డు ఫోటో కూడా తీసి పెట్టుకున్నాను, తప్పుదోవ పట్టించే ప్రకటన కింద అదీ జత చేస్తాను. ఇదంతా బెదిరింపు అనుకోకండి, ముందే చెప్తే మీ లీగల్ వాళ్లకి కాస్త టైం ఉంటుందని.

బ్యాగ్ నా దగ్గరే ఉంది. మళ్లీ కొరియర్‌లో పంపను, ఈసారి ఆ ట్యాగ్ ఊడి వస్తుందేమోనని భయం. చూడాలనుకుంటే మీ మనిషిని పంపండి, ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను. వచ్చేవాళ్లు తెల్ల చొక్కా వేసుకొస్తే మంచిది, నల్ల బట్టలకి అంటుకుంటే పోవట్లేదు.

ఇట్లు,
మీ కస్టమర్,
పటమట, విజయవాడ