పప్పు డబ్బా కింద దొరికిన వార్త

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంటికి ఇరవై ఏళ్లుగా వస్తోంది, చిక్కడపల్లిలో అద్దెకున్నప్పటి నుంచి, ఇప్పుడు నాచారం వచ్చాక కూడా. ఏనాడూ ఉత్తరం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే కారణం మా వంటింటి అల్మారా.

దసరా ముందు బూజులు దులిపే రోజుల్లో డబ్బాలన్నీ దింపి, అరల్లో పరిచిన పాత పేపర్లు తీసేసి కొత్తవి వేసే పని మా ఆవిడ నాకు అప్పజెప్పింది. ఆదివారం, ఆఫీసు లేదు, టీ తాగుతూ నింపాదిగా చేస్తున్నా. ఈ పని చేసినోళ్లకి తెలుసు, పేపర్ తీస్తాం, అక్కడే కూర్చుని చదవడం మొదలుపెడతాం, ఇంట్లోవాళ్లు కేకలేస్తారు. కందిపప్పు డబ్బా కింది పేజీలో గుండ్రంగా నూనె మరక, దాని పక్కనే చిన్న వార్త. బ్యాంకుల్లో ఎవరూ అడక్కుండా పడున్న డిపాజిట్లు వెతుక్కోడానికి రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టిందని. 2023 ఆగస్టు నాటి పేపర్. చదవగానే నాన్న గుర్తొచ్చాడు. ఎక్కడో ఫిక్స్‌డ్ వేశాన్రా అంటుండేవాడు, ఆయన పోయాక కాగితాలు దొరకలేదు, మేమూ వదిలేశాం.

ఇంతవరకైతే ఉత్తరం రాసేవాణ్ని కాదు. పేపర్ అటు తిప్పితే మార్జిన్‌లో నా చేతిరాత! పొద్దున ఒకటి, రాత్రి రెండు అని మందుల లెక్క, కింద అమ్మ బ్లడ్ గ్రూపు. ఆ ఆగస్టులో అమ్మ ఐసీయూలో ఉంది. బయట ఇనప కుర్చీలో ఆ పేపరే పట్టుకుని పొద్దంతా కూర్చున్నా, హెడ్డింగుల నుంచి టెండర్ నోటీసుల దాకా అన్నీ చదివా, మందులు రాశానని పారేయకుండా ఇంటికి కూడా తెచ్చా. అంటే ఈ వార్త మీదుగా నా కళ్లు ఎన్నిసార్లు పోయుంటాయో. బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కలేదు.

ఇంగ్లండ్‌లో రిచర్డ్ వైజ్‌మన్ అనే సైకాలజిస్టు మనుషులకి ఒక పేపర్ ఇచ్చి ఇందులో ఫొటోలెన్నో లెక్కపెట్టండి అన్నాడు. రెండో పేజీలోనే అరపేజీ అక్షరాలతో "లెక్క ఆపండి, ఇందులో 43 ఫొటోలున్నాయి" అని వేయించాడు. మేం అదృష్టవంతులం అనుకునేవాళ్లు అది టక్కున చూశారు, మాది దరిద్రపు జాతకం అనుకునేవాళ్లు ఎక్కువగా దాన్ని దాటేసి లెక్కపెడుతూనే పోయారు. ఈ రెండో రకం వాళ్లకి టెన్షన్ ఎక్కువ, టెన్షన్‌లో చూపు ఇరుకైపోతుంది అంటాడాయన. 1959లోనే ఈస్టర్‌బ్రూక్ అనే ఆయన కూడా ఇలాంటిదే చెప్పాడు, ఉద్వేగం పెరిగేకొద్దీ మనసు పట్టించుకునే విషయాలు తగ్గిపోతాయని. ఆ కుర్చీలో నాకు డాక్టర్ వచ్చే తలుపు తప్ప ఇంకోటి కనబడలేదంటే మరి ఇదేగా.

అలాగని పాజిటివ్‌గా ఉండండి అన్నీ దొరుకుతాయి అనే వాట్సాప్ మెసేజులంటే నాకు మంట. ఐసీయూ బయట కూర్చున్నోడికి అది చెప్పడం ఏం మర్యాదండీ? పైగా ఆ భయం వల్లే ఒక్క మందు టైం కూడా తప్పలేదు నేను. అంతెందుకు, మన బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రొనాల్డ్ రాస్ ఏమన్నా కులాసాగా ఉన్నాడా? చెమటకి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయట, పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని అదీ లేదట, అలసిపోయి ఇంక వదిలేద్దామా అనిపించిందని ఆయనే రాసుకున్నాడు. కాకపోతే ఆయన వెతుకుతున్నదే దొరికింది. నాకు వెతకనిది దొరికింది, దానికి మాత్రం ఆదివారం, టీ కావాల్సొచ్చాయి.

ఉద్గమ్‌లో నాన్న పేరు, బ్యాంకు పేరు, పుట్టిన తేదీ కొట్టి చూస్తే ఒక ఖాతా కనబడింది. పదేళ్లు కదలిక లేని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు ఫండ్‌కి పోతాయి గానీ హక్కు పోదు, వారసులు ఎప్పుడైనా అడగొచ్చు. పోర్టల్ డబ్బులివ్వదు, వెతికి పెడుతుంది అంతే, క్లెయిమ్‌కి బ్రాంచికే పోవాలి. మేం డెత్ సర్టిఫికెట్ల దగ్గర ఉన్నాం ఇప్పుడు.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఇలాంటి పనికొచ్చే వార్త ఒక్కసారి వేసి ఊరుకోకండి, ఆరోజు సగం మంది ఏ హాస్పిటల్లోనో ఏ గొడవలోనో ఉంటారు. ఆర్నెల్లకోసారి మళ్లీ వేయండి, అదీ ఆదివారం. ఇంకోటి, "మీ డబ్బు గల్లంతేనా?" లాంటి హెడ్డింగులొద్దు, గుండె దడొచ్చినోడు కింద వివరాలు చదవడు, పక్కింటాయనకి ఫోన్ చేస్తాడు. సంక్రాంతికి మళ్లీ బూజులు దులుపుతారు, ఆ లోపు ఒకసారి వేస్తే కొన్ని ఇళ్లలో అరల్లోకైనా చేరుతుంది.

ఒక పాఠకుడు,
నాచారం, హైదరాబాద్