పోసింది రెండు గుటకలు, రాసింది ఫ్రీ మందు అని

సంపాదకుడు గారికి,

సైనిక్‌పురిలో 'ఫ్రీ మందు' బార్ గురించి మీ సిటీ ఎడిషన్‌లో వచ్చిన వార్త అందరూ చదివే ఉంటారు. చదవనివాళ్లకు మా కాలనీ వాట్సాప్ గ్రూపు చేరవేసింది. అక్కడ్నుంచి మా అత్తగారి ఊరికీ వెళ్లింది. ఆ బార్ నాదే. ఇన్ని రోజులు ఆగి ఇప్పుడెందుకు రాస్తున్నారంటారేమో, వార్త వచ్చిన మర్నాటి నుంచి తనిఖీకి వచ్చిన వాళ్లకి కాగితాలు చూపించడంతోనే సరిపోయింది.

ముందు హెడ్డింగ్ సంగతి. 'ఫ్రీ పెగ్గులతో యువతకు ఎర' అట. మా దగ్గర పెగ్గుల లెక్కన పోసే సరుకే లేదు, వైన్ తప్ప ఇంకే మందూ అమ్మం. ఇక నేను ఎర వేసిన ఆ యువతలో సగంమంది రిటైరైన మిలటరీ ఆఫీసర్లు. మా గుమ్మం ముందున్న మెట్లు ఎక్కడానికి మోకాళ్లు సహకరించడం లేదంటే రెయిలింగ్ పెట్టించాను. మిగతావాళ్లు ఆఫీసుల నుంచి తిరిగొచ్చే మొగుడూ పెళ్లాలు. ఇరవై ఒకటి దాటినట్టు కనిపించకపోతే ఆధార్ చూడకుండా కూర్చోనివ్వం. ఇదేదీ మీ విలేకరి నన్ను అడగలేదు. అడిగితే హెడ్డింగ్ పాడైపోయేది కదా.

ఇప్పుడు ఆ 'ఫ్రీ' సంగతి. వైన్ సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది. గ్లాసుకు 150 చొప్పున ఐదు గ్లాసులు. ఒక కస్టమర్ ఒక్క గ్లాసు చాలన్నా సీసా తెరవాల్సిందే. తెరిచిన దగ్గర్నుంచి గాలి తగిలి రుచి మారడం మొదలవుతుంది. విస్కీ అయితే మూత తీసి నెలలు గడిచినా ఏమీ కాదు. వైన్ అలా కాదు, మళ్లీ బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులు, మహా అయితే ఇంకొక రోజు. తర్వాత అది వెనిగర్ దారి పడుతుంది. మిగిలిన నాలుగు గ్లాసులు సింకులో పారబోయాలా, పక్క టేబుల్ వాళ్లకి 'ఇది కూడా ఒకసారి చూడండి' అని రెండు గుటకలు పోయాలా? నచ్చితే గ్లాసు తెప్పించుకుంటారు, నచ్చకపోతే మొహం చిట్లిస్తారు, అంతే. ఆవకాయల రోజుల్లో పులుపు చూసుకోమని మామిడికాయ ముక్క కోసిచ్చే వ్యాపారి ఫొటో 'ఫ్రీ కాయలతో ఎర' అని ఏ పేపరైనా వేసిందా?

'యజమానురాలు సైతం గ్లాసు పట్టుకుని కనిపించారు' అని ఇంకో వాక్యం. అవునండీ, పట్టుకుంటాను. కొత్త సీసా తెరిస్తే ముందు నేను వాసన చూసి, ఒక గుక్క నోట్లో వేసుకుంటాను. బిరడా చెడిన సీసా అయితే తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. డబ్బులిచ్చి కూర్చున్న మనిషి ముందు అది పెట్టలేను. హోటల్ యజమాని సాంబారు రుచి చూస్తే శ్రద్ధ అంటారు, నేను నా సరుకు రుచి చూస్తే 'సైతం'. అదే వార్తలో 'మహిళలు సైతం' అని కూడా ఉంది. ఈ 'సైతం' లేకుండా ఆడవాళ్ల గురించి వార్త రాయడం మీ డెస్క్‌లో ఎవరికైనా వచ్చా?

అసలు టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడకపోతే ఈ వ్యాపారం నడవదు. మన తిండికి ఏ వైన్ కుదురుతుందో చాలామందికి తెలియదు, సీసా వెనక లేబుల్ చదివితే తెలిసేది కాదు. కారం దట్టించిన కోడి వేపుడుతో వగరెక్కువున్న రెడ్ వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది. కాస్త తీపి తగిలే చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ చల్లగా ఇస్తే ఆ మంట సర్దుకుంటుంది. గోంగూర మాంసానికి పుల్లగా ఉండే వైట్ వైన్ పోసి చూస్తే, గోంగూర పులుపు ముందు చప్పటి వైన్ ఎందుకు నిలబడదో అర్థమవుతుంది. ఎంత చెప్పినా ఎక్కనిది నోట్లో పడితే క్షణంలో ఎక్కుతుంది. మిలటరీ క్యాంటీన్ రమ్ముకి ఉద్యోగమంతా అలవాటుపడ్డ పెద్దాయన ఒకరు ఇప్పుడు మా దగ్గర ఒక్క గ్లాసుతో రెండు గంటలు కబుర్లు చెబుతున్నారు. అది నా గల్లాపెట్టెకు నష్టమే. వాళ్లావిడ మాత్రం సంక్రాంతికి అరిసెలు పంపింది.

తనిఖీకి వచ్చిన అధికారిని నేను ఒక్కటే అడిగాను. ప్రభుత్వ మద్యం డిపోలో డబ్బులు కట్టి కొన్న సీసాలోంచి, లైసెన్సు ఉన్న చోట, ఒక చెంచాడు ఎక్కువ పోయకూడదని ఏ నిబంధనలో ఉందో రాసివ్వండి, రేపటి నుంచే మానేస్తాను అన్నాను. 'పేపర్లో వచ్చింది కదమ్మా' అన్నారు. అంటే నిబంధన మీరే రాశారన్నమాట, సంపాదకుడు గారూ.

ఇదే అధికారులకు మా బార్ నుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న మద్యం షాపు పర్మిట్ రూమ్, అంటే కొన్న మందు అక్కడే తాగే గది, కనబడదు. సాయంత్రం ఆరయ్యేసరికి జనం రోడ్డు మీదికొస్తారు. ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు, పల్లీల పొట్లాలు, అడ్డదిడ్డంగా బైకులు. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు ఆ సందు మానేసి చుట్టూ తిరిగొస్తున్నారు. దీని మీద కాలనీ అంతా కలిసి అర్జీ ఇచ్చాం. ఫిర్యాదుల యాప్‌లో పెడితే సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో చూద్దామని బయటికి వెళితే వీధి లైటు కూడా వెలగడం లేదు. లైటు మీద ఇచ్చిన ఫిర్యాదు కూడా యాప్ లెక్కలో పరిష్కారమైనట్టే ఉంది. ఈ మధ్య ఊళ్లో పరిష్కారం కానిదంటూ ఏదీ లేదు.

ఎందుకు కనబడదో మనకి తెలియంది కాదు. 2025 చివర్లో రాష్ట్రంలోని 2,620 మద్యం షాపుల కోసం 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు మూడు లక్షలు, లాటరీలో తగలకపోతే తిరిగి రావు. ఒక్క సీసా అమ్మకుండానే ఖజానాకు రూ.2,850 కోట్ల పైమాట. అంత పోసిన మనిషి వాటిని రాబట్టుకోవడానికి జనాన్ని త్వరత్వరగా తాగించి పంపాలా, గ్లాసు పట్టుకుని కబుర్లు చెప్పించాలా? వైన్ మాత్రమే అమ్ముతానన్నా నాకు లైసెన్సు ఫీజులో పైసా తగ్గలేదు. ఆల్కహాల్ నలభై రెండు శాతం పైబడిన విస్కీకీ, పన్నెండు పదమూడు శాతం ఉండే వైన్‌కీ ఒకటే తూకం.

నా బార్ వద్దంటూ మా కాలనీ సంఘం వేసిన కరపత్రంలో దూబగుంట ఆడవాళ్ల పేరు కూడా ఎత్తారు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు కూలి డబ్బులు మింగేస్తున్న సారా మీద తిరగబడ్డారు. వాళ్ల పుణ్యాన 1993లో సారా ఆగింది, 1995లో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారు. వాళ్లంటే నాకు గౌరవం. ఆ పేరు వాడుకునే పెద్దమనుషులు ఆ ధైర్యాన్ని పర్మిట్ రూమ్ ముందు చూపిస్తే ఇంకా గౌరవించేదాన్ని. అక్కడికి వెళ్లరు, ఎందుకంటే అక్కడ తిడతారు. నా దగ్గరైతే కుర్చీ వేసి కాఫీ ఇస్తాను.

పక్క రాష్ట్రాల్లో ఇలా లేదు. మహారాష్ట్ర 2001లోనే ద్రాక్ష నుంచి వైన్ తయారీకి పాలసీ తెచ్చింది, ఈరోజు నాసిక్ పేరు దేశమంతా తెలుసు. కర్ణాటక 2007లో తెచ్చి, వైన్ బోర్డు పెట్టింది. మన దగ్గర ద్రాక్ష లేకనా? అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్షకు పుట్టిల్లు హైదరాబాదే. రాజేంద్రనగర్లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. మేడ్చల్, శంషాబాద్, కొంపల్లి వైపు పందిళ్లు ఉండేవని మా నాన్నగారు చెప్పేవారు. అది తినే పండే గానీ, పందిరి వేసి ద్రాక్ష పండించడం తెలిసిన రైతులు ఆ చుట్టుపక్కలే ఉండేవారు. ఇప్పుడు ఆ పొలాల్లో విల్లాలు, వాటి గేట్లకి వైన్‌యార్డ్ అని పేర్లు.

ఇంకో మాట. శని, ఆదివారాలు రాత్రిళ్లు బ్రీత్ ఎనలైజర్లు పట్టుకుని నిలబడే పోలీసుల కష్టం చూస్తూనే ఉన్నాం. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. దూరంగా ఎక్కడికో కారేసుకుని వెళ్లి తాగొచ్చేవాళ్లతోనే ఆ టెన్షన్. మా దగ్గరికి వచ్చేవాళ్లు నడిచొస్తారు, నడిచి వెళతారు. కాలనీలో బార్ ఎందుకన్నవాళ్లు ఈ లెక్క ఎప్పుడైనా వేశారా? ఫుట్‌పాత్ ఉంటే ఇంకా బాగా నడుస్తారు, కానీ దాని గురించి మొదలుపెడితే మీ పేజీ చాలదు.

ఎక్సైజ్ శాఖను నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. రుచికి ఎంత పోయవచ్చో, అసలు పోయవచ్చో లేదో కాగితం మీద రాసిపెట్టండి. వైన్ ఒక్కటే అమ్మే చిన్న బార్లకు వేరే లైసెన్సు, దానికి తగ్గ ఫీజు ఆలోచించండి.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. మీరు వేసిన ఫొటోలో కిటికీ దగ్గర కూర్చున్న ఇద్దరమ్మాయిల మొహాలు స్పష్టంగా తెలుస్తున్నాయి. వాళ్లలో ఒకరు ఆరోజు తాగింది నిమ్మకాయ సోడా, బిల్లు నా దగ్గర ఉంది. పేపర్ పాతబడింది గానీ మీ వెబ్‌సైట్‌లో ఆ ఫొటో ఇంకా ఉంది. మీ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేస్తే ఎడిటోరియల్‌కి మెయిల్ పెట్టమన్నారు, మెయిల్‌కి జవాబు లేదు. ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా ఫరవాలేదు, ఆ ఫొటో తీసేయండి.

— ఒక వైన్ బార్ నిర్వాహకురాలు,
సైనిక్‌పురి, సికింద్రాబాద్