వరద మెయిల్‌కి వేరే కూత పెట్టాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కోనసీమలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఇక గోదావరి మధ్య దీవుల్లాంటి మా లంకల సంగతి చెప్పక్కర్లేదు. ఆ వారంలో ఒక మధ్యాహ్నం, పడవలు ఏ రేవుకి పంపాలో చెప్పే మెయిల్ మా కంప్యూటర్‌లో 45 నిమిషాలు అలాగే పడి ఉంది. నేను పక్కగదిలో పునరావాస కేంద్రం బియ్యం లెక్క రాసుకుంటున్నాను. ఆ కంప్యూటర్‌కి స్పీకర్లే లేవు. ఆ రేవులోనే మా పిన్ని, పీకల్లోతు భయంతో, మనవణ్ణి చంకనేసుకుని అరుగు మీద నిలబడి ఉంది.

వరద తీశాక అమలాపురం వెళ్లి 400 రూపాయలు పెట్టి స్పీకర్లు కొన్నాను. సర్క్యులర్ వచ్చినా టింగ్, ప్రకటన వచ్చినా టింగ్. రెండ్రోజుల్లో చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. అప్పుడు రేవుకెళ్లి పంటు (జనాన్ని, బళ్లని ఏరు దాటించే పెద్ద పడవ) కూత ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ కూత వింటే లంకలో పుట్టినవాడు అన్నం ముందునుంచైనా లేస్తాడు. మెయిల్స్ చూసే మా పాత అవుట్‌లుక్ ప్రోగ్రాం, ఫోన్‌లో చేసిన రికార్డింగుని తీసుకోదు, వేవ్ (.wav) ఫైలే కావాలి. అలా మార్చి, ఏ మెయిల్ వస్తే ఏం చేయాలో చెప్పే రూల్స్‌లోకి వెళ్లి, వరద కంట్రోల్ రూం నుంచి వచ్చే మెయిల్‌కి మాత్రమే ఆ కూత పెట్టాను. మిగతా మెయిల్స్‌కి మోత తీసేశాను.

ఒక్కటి మరిచిపోకూడదు. అవుట్‌లుక్ మూసేస్తే కూత రాదు, కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లినా రాదు. సాయంత్రం అన్నీ కట్టేసి ఇంటికెళ్లడం మనకి అలవాటు. వరద రోజుల్లో అది మానాలి. తర్వాతి వరదలో రాత్రి రెండింటికి మా అటెండరు గారు ఫోన్ చేసి, "పంటు కూసిందండీ, వచ్చేయండి" అన్నారు. ఆయనకి కంప్యూటర్ ముట్టుకోవడం కూడా రాదు.

వాట్సాప్ ఉందిగా అంటారు. గ్రూపులో ఆ కబురు గుడ్ మార్నింగుల కింద పడిపోతుంది. సంతకంతో ఆర్డరు వచ్చేది మెయిల్‌కే.

ఏటా వానలకి ముందు పడవలు, ఇసుక బస్తాలు సరిచూస్తారు కదా, అప్పుడే ప్రతి లంక మండలంలో కంప్యూటర్‌కి స్పీకర్లు పెట్టించి, ఒక రాత్రి ఉత్తుత్తి మెయిల్ పంపి ఎవరు లేచారో చూడమని జిల్లా అధికారులను వేడుకుంటున్నాను. కూత ఫైలు నా దగ్గరుంది. ఏ ఆఫీసు వారు అడిగినా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను.

- ఒక కంప్యూటర్ ఆపరేటర్, కోనసీమ