వార్షిక నివేదిక 2025–26: మన కాలనీ సంక్షేమ సంఘం, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను, చదివేటప్పుడు సగం మంది టీల దగ్గరే ఉంటారు కాబట్టి గ్రూపులో కూడా పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. కాలవల పూడిక, దోమల మందు, జెండా పండగలు, సిరిమానోత్సవానికి వచ్చిన చుట్టాల బళ్లకి చోటు చూపించడం అన్నీ ఎప్పటిలాగే జరిగాయి, చేసినవాళ్లకి దండాలు. కొత్తగా చేసింది కరెంటు పని, దాని గురించే ఎక్కువ రాస్తాను.

వేసవి బిల్లులు చూశాక అందరికీ టెన్షన్ పట్టుకుంది. యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబు మారి రేటు కూడా పెరుగుతుంది కదా. ఇళ్లకి ఆటోమేషన్, అంటే లైట్లూ మోటార్లూ ఫోన్‌తోనో వాటంతటవో నడిచే ఏర్పాటు, పెట్టించుకుందాం అని కుర్రాళ్లు అన్నారు, కానీ వాళ్లు చూపించిన వీడియోల్లో రంగులు మారే బల్బులూ, మాట వినే స్పీకర్లూ తప్ప పొదుపు ఎక్కడుందో కమిటీకి కనబడలేదు. ముందు ఏ వస్తువు ఎంత తింటుందో కొలుద్దాం, ఆ తర్వాతే కొందాం అని తీర్మానించాం.

డిసెంబరు 14 జాతీయ ఇంధన పరిరక్షణ దినోత్సవం, ఈసారి ఆదివారం పడింది. ఆ రోజు కమ్యూనిటీ హాల్లో పెట్టిన శిబిరం మన సంఘం చరిత్రలో చెప్పుకోదగ్గది, ఇది కార్యదర్శిగా గొప్పకి చెప్పడం లేదు, వచ్చినవాళ్లని అడగండి. వాట్లు చూపించే ప్లగ్గు ఒకటి తెచ్చి, ఎవరింటి వస్తువు వాళ్లని తెచ్చుకోమన్నాం. ఫోన్ చార్జరు ఊరికే ఉంచితే దాదాపు సున్నా చూపించింది. రోజూ చార్జర్ పీకి పొదుపు చేస్తున్నామనుకున్న మాస్టార్లు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. కానీ రిమోట్‌తో కట్టేసిన పాత సెట్‌టాప్ బాక్సు పది వాట్లు లాగుతూనే ఉంది, అంటే ఎవరూ టీవీ చూడకపోయినా నెలకి ఏడు యూనిట్లు. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదే నెలకి పదహారు యూనిట్ల తేడా, దీనికి ఆటోమేషన్ కూడా అక్కర్లేదు.

గీజరు దగ్గర చర్చ చాలాసేపు నడిచింది. 2000 వాట్ల గీజరు అరగంట వేడెక్కితే ఒక యూనిట్టు. స్విచ్ వేసి మర్చిపోతే నీళ్లు చల్లారడం, మళ్లీ కాగడం, రోజంతా అదే పని. ఇరవై నిమిషాలకి దానంతట అదే ఆగేలా స్మార్ట్ ప్లగ్గు, అంటే ఫోన్ యాప్‌తో నడిచే ప్లగ్గు, పెట్టొచ్చు, కానీ 16 ఆంపియర్లదే పెట్టాలి, చవగ్గా వచ్చిందని చిన్నది పెడితే కాలిపోవచ్చు. ఇంకోటి, కరెంటు పోయి వచ్చాక ప్లగ్గు ఆఫ్‌లోనే ఉండేలా యాప్‌లో సెట్ చేసుకోవాలి. ఒకరింట్లో అది చేయకపోతే మిట్టమధ్యాహ్నం కరెంటు రాగానే గీజరు తనే వెలిగింది. బెడ్‌లాంపుకి మాత్రం స్మార్ట్ ప్లగ్గు దండగ, తొమ్మిది వాట్ల బల్బుకి కాపలా కాయడానికి ప్లగ్గు రాత్రీ పగలూ కరెంటు తింటూనే ఉంటుంది.

‘ఏటండీ, ఇంక ఫ్యాను స్విచ్ కూడా ఫోన్‌ని అడిగి వెయ్యాలా?’ అని ఒక పెద్దావిడ అడిగారు. మంచి ప్రశ్న. గోడ స్విచ్ ఎప్పటిలా పని చేయకపోతే ఆ సరుకు మనకొద్దు. మన పాత ఇళ్ల స్విచ్‌బోర్డుల్లో చాలాచోట్ల న్యూట్రల్ వైరు ఉండదు, స్విచ్‌ని ఫోన్‌తో నడపడానికి బోర్డు లోపల పెట్టే స్మార్ట్ మాడ్యూళ్లు ఎక్కువ భాగం అది లేకపోతే పని చేయవు, కాబట్టి కొనే ముందే ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి చూడండి. ఇలాంటి పరికరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, మీ వైఫై అందులో ఉందో లేదో కూడా చూసుకోండి. ఏసీ విషయంలో కొత్త పరికరం ఏదీ చెప్పను, 24 మీద పెట్టి తెల్లారుజామున ఆగేలా టైమర్ పెట్టండి, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం మిగులుతుంది.

సంఘం సొమ్ముతో చేసింది రెండే పనులు. బ్లాకు మోటారుకి వాటర్ లెవెల్ కంట్రోలర్ స్టార్టరుకి కలిపి పెట్టించాం, ట్యాంకు నిండితే ఆగుతుంది, సంపులో నీళ్లు లేకపోతే అసలు తిరగదు. మేడ మీంచి నీళ్లు జలపాతంలా పడుతుంటే ‘మోటారు కట్టండ్రా’ అని కేకలు వేసే పని పోయింది. మెట్ల దగ్గర పాత చోక్ ట్యూబులు తీసి, మనిషి వస్తే వెలిగే సెన్సర్ ఎల్‌ఈడీలు పెట్టాం. పిల్లి వచ్చినా వెలుగుతున్నాయని ఫిర్యాదు వచ్చింది, రిజిస్టర్‌లో రాసుకున్నాం.

వీధి దీపాలు పట్టపగలు వెలుగుతున్నాయి, డే నైట్ సెన్సర్ పెట్టండి, ఖర్చులో కొంత మేమిస్తాం అని సంబంధిత ఆఫీసుకి అర్జీ ఇచ్చాం. ఒక బల్ల దగ్గరికి వెళ్తే ఇంకో బల్ల చూపిస్తారు, ఆ బల్ల సారు క్యాంపులో ఉంటారు. ఈ రోజుకీ మధ్యాహ్నం పన్నెండింటికి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. ఇంటింటికీ వెళ్లి కొలుస్తామని పేర్లు ఇచ్చినవాళ్లు బోలెడుమంది, గ్రూపులో బొటనవేళ్లు పెట్టడానికి లోటు లేదు. తీరా ఆదివారం పొద్దున్న హాలు తుడిచింది ఉపాధ్యక్షుల వారూ, ఇద్దరు పాలిటెక్నిక్ పిల్లలూను. ఆ పిల్లలకి, కూలి తీసుకోకుండా రోజంతా నిలబడ్డ ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, ఉప్మా చేసి పంపిన అక్కలకి, ప్లగ్గులు అసలు ధరకే ఇచ్చిన గంటస్తంభం దగ్గర షాపు వారికి, కుర్చీలు మోసిన వాచ్‌మన్ కుటుంబానికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి. ప్రతులు ట్రెజరర్ గారి దగ్గర ఉన్నాయి, అనుమానాలుంటే సమావేశంలోనే అడగండి, తర్వాత రోడ్డు మీద కాదు. చందా బాకీలున్నవాళ్లు ఎవరో వాళ్లకి తెలుసు.

వచ్చే ఏడాది కామన్ మీటరుకి పైకప్పు సోలార్ పెట్టాలా అన్నది సమావేశంలో తేల్చాలి. ఆ వాట్లు కొలిచే ప్లగ్గు సంక్రాంతి ముందు రెండో వీధిలోకి వెళ్లింది, తర్వాత జాడ లేదు. ఎవరింట్లో ఉందో వాళ్లు సమావేశానికి పట్టుకురండి, మూడో వీధివాళ్లు దానికోసమే ఎదురు చూస్తున్నారు.

ఇట్లు,
కార్యదర్శి