తల్లిని చూపించని కుక్కపిల్లల ప్రకటనలు వేయకండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. కుక్కను కొనుక్కోవడం మంచిదా, దత్తత తెచ్చుకోవడం మంచిదా అని మీ పత్రికలో వారం రోజులుగా పాఠకులు రాస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. కొనేవాళ్లకు జాలి లేదని ఒకరు రాశారు. షెల్టర్ కుక్కను తెస్తే ఇంట్లో పిల్లలకు ప్రమాదమని ఇంకొకరు రాశారు. రెండూ చేసి చూసిన ఇల్లు మాది. ఈ వాదనలో అసలు అడగాల్సిన మనిషిని ఎవరూ అడగడం లేదు. అతను కుక్కలను ఈనించి పిల్లలను అమ్మే బ్రీడరూ కాదు, దిక్కులేని కుక్కలను కాపాడి దత్తత ఇచ్చే రెస్క్యూ వాళ్లలో ఒకడూ కాదు. ఎక్కడో పుట్టిన కుక్కపిల్లలను తెచ్చి చేతులు మార్చే దళారి.

మా మొదటి కుక్కపిల్లను అలాంటి మనిషి దగ్గరే కొన్నాం. ప్రకటన చూసి ఫోన్ చేశాం. వచ్చి చూసుకుంటామంటే, మీకెందుకు శ్రమ, నేనే తెచ్చిస్తానన్నాడు. మాకది మర్యాదగా తోచింది. దారిలో ఒకచోట కలిసి, అట్టపెట్టెలో ఉన్న లాబ్రడార్ పిల్లను చేతికిచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. రెండు నెలల పిల్ల అన్నాడు. టీకా వేయించానన్నాడు. దీని తల్లి ఎక్కడుందని మేము అడగలేదు. అడగాలని మాకు తెలియదు.

నాలుగో రోజు అది తిండి ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, తెల్లారేసరికి రక్త విరేచనాలు. పశువైద్యురాలు పరీక్ష చేసి పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు అది. నోరు తెరిచి చూసి, వెనకవైపు పాలపళ్లు ఇంకా పూర్తిగా రాలేదమ్మా, దీనికి ఐదు వారాలు నిండి ఉండవు అన్నారు. పార్వో వైరస్ సోకిన మూడు నుంచి ఏడు రోజులకు సాధారణంగా లక్షణాలు బయటపడతాయి, ఒక్కోసారి రెండు వారాలు కూడా పట్టవచ్చు. జబ్బుతోనే మీ ఇంటికి వచ్చి ఉంటుందని ఆవిడ చెప్పారు. ఆరో రోజు అది పోయింది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. ఆ కుక్కపిల్లకు పెట్టిన పేరు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరమూ పలకం. అమ్మినతని ఫోన్ మళ్లీ కలవలేదు.

ఐదు వారాలకే తల్లినుంచి లాగేసిన పిల్ల బతికి బట్టకట్టినా నష్టం అక్కడితో ఆగదు. మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. ఎంత గట్టిగా కొరికితే ఎదుటి ప్రాణికి నొప్పి పుడుతుందో తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య తెలుసుకుంటుంది. మనుషుల చేతులు, గిన్నెల చప్పుళ్లు, పసిపిల్లల కేకలు ఆ రోజుల్లో అలవాటైన కుక్క పెద్దయ్యాక వాటికి అంతగా బెదరదు. ఆ రోజులు అట్టపెట్టెల్లో, చీకటి గదుల్లో గడిచిన కుక్కను పసివాళ్లున్న ఇంటికి తేవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక అలాంటి పిల్లలను కనే తల్లుల సంగతి. 2013లో బ్రిటన్‌లోని వేల్స్‌లో కుక్కపిల్లల్ని ఉత్పత్తి చేసే ఒక ఫారం నుంచి లూసీ అనే కవలియర్ స్పానియల్ జాతి కుక్కను కాపాడారు. ఈతమీద ఈత ఈనించి, కదలడానికి చోటు లేని బోనులో ఏళ్ల తరబడి ఉంచడంతో దాని తుంటి ఎముకలు అతుక్కుపోయాయి. 2016లో అది చనిపోయింది. దాని పేరుతో పిలిచే చట్టం ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6న అమల్లోకి వచ్చింది. ఆరు నెలల లోపు కుక్కపిల్లను అక్కడ వ్యాపారం కోసం మధ్యవర్తి అమ్మకూడదు. బ్రీడర్ దగ్గరికే నేరుగా వెళ్లి, పుట్టినచోట తల్లితో కలిసి ఉండగా చూసి కొనుక్కోవాలి, లేదా షెల్టర్ నుంచి తెచ్చుకోవాలి. చూడండి, ఆ చట్టం బ్రీడర్‌నూ రెస్క్యూనూ ఒకే వైపు నిలబెట్టింది. గీత గీసింది దళారికి.

మంచి బ్రీడర్ ఎలా ఉంటాడో మా చెల్లెలి వల్ల తెలిసింది. తను కుక్కపిల్ల కోసం ఏడు నెలలు ఆగింది. ఈ లోపల అతను తనను అడిగిన ప్రశ్నలు అన్నీ ఇన్నీ కావు. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరికి వెళితే ఎవరు చూస్తారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది. లాబ్రడార్లకూ జర్మన్ షెపర్డ్‌లకూ తుంటికీలు సరిగ్గా అమరకుండా పెరిగే జబ్బు వంశంలో వస్తుంది. అందుకని తల్లికీ తండ్రికీ తీయించిన తుంటి ఎక్స్‌రేలు ముందు పెట్టాడు. తల్లి తోక ఊపుతూ వచ్చి మా చెల్లెలి ఒడిలో తల పెట్టింది. ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా పెంచలేకపోతే తిరిగి నాకే ఇవ్వాలని కాగితం రాయించుకున్నాడు. ఇలాంటివాణ్ణి కుక్కల వ్యాపారి అని తిట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

అయితే పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల విషయంలో నా మనసు ఒప్పదు. ఆ గురకను మనం ముద్దుగా వింటాం. అది ఊపిరి సరిగా ఆడని చప్పుడు. బుల్‌డాగ్ పిల్లలకు తల పెద్దది, తల్లికి కటి ఇరుకు, అందుకే చాలా ఈతలకు సిజేరియన్ చేయాల్సి వస్తుంది. అలాంటి కుక్క షెల్టర్‌లో కనిపిస్తే తప్పకుండా తెచ్చుకోండి. కొత్తగా పుట్టించమని మాత్రం ఎవరినీ అడగకండి.

మేము రెస్క్యూ వైపు వెళ్లడానికి కారణం కూడా పార్వోనే. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతుకుతుంది, టీకాలు పూర్తికాని పిల్లను ఇప్పుడు తేవద్దని డాక్టరు చెప్పారు. టీకాలన్నీ అయిన పెద్ద కుక్క కోసం వెతికాం. ఫొటోలో ఒకదాన్ని చూసి ముచ్చటపడి వెళితే రెస్క్యూలో ఒకావిడ ఇవ్వనంది. గిన్నె దగ్గరికి చెయ్యి వస్తే అది గుర్రుమంటుంది, మీ ఇంట్లో చిన్నపిల్ల ఉంది, కుదరదు అంది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, కుక్కను వదిలించుకోవడం కంటే మా పాప క్షేమం ఆవిడకు ముఖ్యమైందని అర్థమైంది. యజమాని చనిపోయి ఒంటరిదైన ఐదేళ్ల కుక్కను చూపించి, ఉరుమంటే దీనికి భయం, ఒంటరిగా వదిలితే ఏడుస్తుంది అని ముందే చెప్పి, రెండు వారాలు ఉంచుకుని చూడమని ఇచ్చింది. మొదటి మూడు రోజులు మంచం కిందనుంచి రాలేదు. మూడో వారంలో ఒక రాత్రి పాప పక్క దగ్గరికి వచ్చి పడుకుంది. నాలుగేళ్లయింది, ఇప్పటికీ అక్కడే పడుకుంటుంది.

రెస్క్యూలన్నీ ఇంత నిజాయితీగా ఉంటాయని అనను. కరిచిన సంగతి దాచి, జాలి కథ చెప్పి కుక్కను అంటగట్టేవాళ్లు కూడా దళారి పనే చేస్తున్నారు.

జాతి పేరు చూసి స్వభావాన్ని ఊహించుకునేవాళ్లకు ఒక మాట. 2022లో ‘సైన్స్’ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధనలో 18,000కు పైగా కుక్కల గురించి యజమానులను అడిగారు, 2,000కు పైగా కుక్కల జన్యువులు చదివారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది 9 శాతం దగ్గరే తేలింది. అందుకని కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లు దాని తల్లిని దగ్గరగా చూడాలి. పెద్ద కుక్కనైతే దాన్నే చూడొచ్చు.

సంపాదకుడి గారూ, నేను కోరేది ఒక్కటే. మీ వర్గీకృత ప్రకటనల్లో కుక్కపిల్లను అమ్మేవాళ్లు పుట్టిన తేదీ, ఈనించినవారి వివరం, తల్లిని ఎక్కడికి వచ్చి చూడవచ్చో రాసి ఇస్తేనే ప్రకటన తీసుకోండి. గత ఆదివారం సంచికలో కుక్కపిల్లల ప్రకటనలన్నీ చదివాను. ఇంటికే తెచ్చిస్తామని రాసినవాళ్లున్నారు. తల్లి మాట ఒక్కదానిలోనూ లేదు. మేము ఫోన్ చేసిన ప్రకటనలోనూ లేదు. ఆ ఒక్క వాక్యం రాసివ్వమని ఎవరైనా అడిగి ఉంటే, అతను ఆ ప్రకటన ఇచ్చేవాడే కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు