రికార్డుల అట్టల మీది అక్షరాలనూ నమోదు చేయాలి

సంపాదకులకు నమస్కారం.

పాత గ్రామఫోను రికార్డుల్లోని పాటలను కంప్యూటర్లలోకి ఎక్కించి భద్రపరిచే పని కొన్ని సంస్థలు, కొందరు సంగీతాభిమానులు శ్రద్ధగా చేస్తున్నారు. చాలా మంచి పని. అయితే పాట చేతికి రాగానే అట్టను ఎవరూ పట్టించుకోవడం లేదు. మా ప్రాంతంలోని ఒక గ్రంథాలయంలో అట్టలు చిరిగిపోయాయని కట్టకట్టి పాత కాగితాలవారికి తూకానికి ఇచ్చేశారు. వాటి మీది బొమ్మలు, అక్షరాలు ఎవరివో ఒక్క ముక్క కూడా రాసిపెట్టుకోలేదు. ఆ బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

నిమిషానికి 78 చుట్లు తిరిగే (78 ఆర్‌పీఎం) పాత లక్క రికార్డులు చాలావరకు కంపెనీ ముద్ర ఉన్న కాగితపు సంచుల్లోనే వచ్చేవి. సినిమాకో బొమ్మతో, ప్రత్యేకంగా రాయించిన పేరుతో అట్టలు రావడం ఆ తర్వాత ఈపీలు (కొద్ది పాటల చిన్న రికార్డులు), ఎల్పీల (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డులు) కాలంలో పెరిగింది. నా దగ్గరున్న తెలుగు రికార్డుల్లో సినిమా పేరు కుంచెతో దిద్దినట్టు పెద్దగా ఉంటుంది. పాటల పట్టిక, గాయకుల పేర్లు మాత్రం ఎక్కువగా ఇంగ్లిషు అచ్చక్షరాల్లో ఉంటాయి. ఒకే అట్ట మీద ఉన్నా వీటిని గుర్తించే దారులు వేరు.

ఇంగ్లిషు అక్షరాల సంగతి కొంత తేలిక. అక్కడ అచ్చక్షరాలకు పేర్లున్నాయి, పుట్టిన తేదీలున్నాయి. అమెరికా సంగీత బృందం బీచ్ బాయ్స్ 1966లో తెచ్చిన ‘పెట్ సౌండ్స్’ రికార్డు అట్ట పైభాగంలో ఆకుపచ్చ పట్టీ మీద కనిపించే లావుపాటి గుండ్రని అక్షరాలు కూపర్ బ్లాక్. షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ 1920ల తొలినాళ్లలో గీసినవి అవి. హెల్వెటికా అనే మరో అచ్చక్షరాల తీరు 1957లో పుట్టింది. కాబట్టి హెల్వెటికా కనిపించిన అట్ట అంతకుముందుది అయ్యే వీలే లేదు. లోపలి పాట 1953 నాటిదైతే, ఆ అట్ట తర్వాతి ముద్రణకు వేసినదని తేలిపోతుంది. సంవత్సరం అచ్చువేయని అట్టల కాలం తేల్చడానికి ఇంతకన్నా చవకైన ఆధారం ఏముంది?

అక్కడైనా అన్నీ అచ్చక్షరాలు కావు. బీటిల్స్ ‘రబ్బర్ సోల్’ (1965) అట్ట మీది ఉబ్బిన అక్షరాలను చార్లెస్ ఫ్రంట్ చేత్తో గీశారు. ఆ పోలికతో ఇప్పుడు దొరికే ఫాంటును చూసి, అట్టను దానితోనే వేశారనుకుంటే ఆయన శ్రమ మొత్తం చెరిగిపోతుంది.

తెలుగులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంగ్లిషు అక్షరాన్ని ఫోటో తీసి చూపిస్తే ఫాంటు పేరు చెప్పే యాప్‌లు తెలుగు అక్షరం దగ్గర చేతులెత్తేస్తాయి. కన్నే దిక్కు. పేరులో ఒకే అక్షరం రెండు చోట్ల వస్తే భూతద్దం పట్టి చూడండి. అచ్చక్షరమైతే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చేతిరాతలో ఒక తలకట్టు కాస్త పైకి లేస్తుంది, ఒక సుడి మరికాస్త బిగుస్తుంది, కింది ఒత్తు పక్కకు జరిగి అక్కడి ఖాళీని నింపుతుంది. ఆ ఒత్తును ఎక్కడ కూర్చోబెట్టాలో ప్రతి పేరుకూ విడిగా ఆలోచించిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు మనకు కావాలి.

చాలా సందర్భాల్లో ఆ పేరు దొరుకుతుంది కూడా. సినిమా ప్రచారానికి రాయించిన టైటిలే పోస్టర్ మీదికి, పత్రికా ప్రకటనలోకి, పాటల పుస్తకం మీదికి, రికార్డు అట్ట మీదికి వెళ్లేది. కనుక అట్ట మీది అక్షరాన్ని ప్రకటనలోని అక్షరంతో పోల్చి, సినిమా మొదట్లో ‘పబ్లిసిటీ’ కింద ఎవరి పేరు పడిందో చూస్తే సగం పని అయినట్టే. మద్రాసులో ఆ పని చేసిన ఈశ్వర్ గారు ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకం రాశారు గనుక ఆ వృత్తి గురించి మనకు కొంతైనా తెలుస్తోంది. ఆయన 2021లో కన్నుమూశారు. పుస్తకం రాయనివారి సంగతేమిటి? వాళ్ల దగ్గర పనిచేసినవారు, కుటుంబసభ్యులు ఉండగానే వెళ్లి అడగాలి.

పాత పాటలను మళ్లీ విడుదల చేసేవారికి కూడా ఒక మాట. అసలు అట్టను తీసేసి, కంప్యూటర్లో దొరికే ఫాంటుతో సినిమా పేరు మళ్లీ కొట్టేస్తున్నారు. బాపు గారి చేతిరాత కూడా ఫాంటుగా వచ్చింది. దాన్ని 1960ల పాటకు అతికిస్తే, ఆ పేరు బాపు గారే రాశారని రేపటి పాఠకుడు నమ్ముతాడు. కొత్త అట్ట తప్పనిసరైతే పాతదాని బొమ్మను కూడా పక్కనే ఉంచాలి.

రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాలు ఇందుకు కొత్త భవనాలు కట్టనక్కరలేదు. పాటను భద్రపరిచేటప్పుడే అట్టను రెండు వైపులా స్పష్టంగా స్కాన్ చేయించాలి. రికార్డు నంబరు పక్కనే అక్షరాలు చేతిరాతా, అచ్చా అన్నది రాయాలి. అచ్చయితే ఫాంటు పేరు, చేతిరాతైతే రాసినవారి పేరు వేయాలి. తేలకపోతే ‘తెలియదు’ అని రాయాలి తప్ప ఊహించి ఎవరి పేరో పెట్టకూడదు. మీ పత్రిక కూడా పాత రికార్డుల బొమ్మలు ప్రచురించేటప్పుడు అక్షరాలు రాసినవారి పేరు తెలిసిన చోట తప్పక వేయాలని, తెలియని చోట పాఠకులను అడగాలని కోరుతున్నాను. నా దగ్గరున్న అట్టలను స్కాన్ చేసుకోవడానికి ఏ గ్రంథాలయం అడిగినా ఇస్తాను.

– ఒక పాఠకుడు, తెనాలి