మంత్రిగారూ, నివ్వరి (అడవి వరి) మీది మచ్చల్ని కూడా పరీక్ష చేయించండి

వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

విశాఖపట్నం అనగానే అందరికీ ఉక్కు ఫ్యాక్టరీ, ఓడరేవు, ఇప్పుడైతే ఐటీ గుర్తొస్తాయి గానీ, పద్మనాభం, ఆనందపురం వైపు ఇంకా వరి పండుతోంది సార్. వరి ఉన్నచోట గోధుమ రంగు మచ్చ తెగులూ ఉంటుంది. రైతు ఆకు ఫొటో తీసి పంపితే ఎవరో ఒకరు చూసి మాంకోజెబ్ అనే బూజు మందు కొట్టమంటారు, అక్కడితో సరి. ఆ మచ్చ తెచ్చిన శిలీంధ్రం, అంటే బూజు, ఎలాంటిదో ఎవరూ అడగరు.

దాని పేరు బైపోలారిస్ ఒరైజే. పేరు ఒకటే గానీ జన్యువులు అన్నిచోట్లా ఒకేలా ఉండవు, ఒకచోటి బూజు మొక్కను కాస్త గీరి వదిలేస్తే ఇంకోచోటిది గింజ దాకా పోయి తాలు చేసేయొచ్చు. ఇందులో రెండు సంయోగ రకాలున్నాయి. ఆడా మగా లాంటివి అనుకోండి, సరిగ్గా అవే కాకపోయినా. ఆ రెండూ ఒకేచోట ఉంటేనే జన్యువులు కలగలిసి కొత్త రకాలు పుట్టే వీలుంటుంది, ఒకటే ఉంటే చాలావరకు పాతదే తనను తాను కాపీ కొట్టుకుంటూ పోతుంది. మన పొలాల్లో ఉన్నది ఒకటా రెండా? అది తెలియకుండా, ఏదో ఒక నమూనాతో పరీక్షించి ‘తెగులు తట్టుకునే వంగడం’ అని మా చేతిలో పెడితే అది ఎన్నాళ్లు నిలబడుతుందో ఎవరు చెప్పగలరు? పైగా ఈ తెగులు విత్తనంతో కూడా ప్రయాణిస్తుంది.

ఇక నివ్వరి సంగతి. చెరువుల అంచున, కాలువల్లో దానంతటదే మొలిచే ఆ అడవి వరిని చూస్తే చాలామందికి కోపం, తెగులు దాన్నుంచే వస్తోందని మందు కొట్టి మాడ్చేద్దామంటారు. నివ్వరి మీది శిలీంధ్రం, పొలంలోది జన్యుపరంగా ఒకటేనని తేలితే ఆ అనుమానంలో అర్థముంది. వేరువేరని తేలితే ఆ గడ్డిని అనవసరంగా చంపుతున్నట్టే. పైగా అది పనికొచ్చే గడ్డి. 1970ల్లో మొక్కను గిడసబార్చే గ్రాసీ స్టంట్ వైరస్ వరిని ముంచుతుంటే, దాన్ని తట్టుకునే జన్యువు దొరికింది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన నివ్వరిలోనే, ఐఆర్ 36 లాంటి వరి వంగడాల్లోకి వెళ్లింది అదే.

అమెరికాలోని మిన్నెసోటాలో మడుల్లో పెంచే ‘వైల్డ్ రైస్’ మన వరి జాతే కాదు, జిజానియా అనే వేరే గడ్డి. దాన్ని కూడా ఎక్కువగా పీడించేది ఈ శిలీంధ్రమే. అంటే మొక్క మారినా ఇది ఆగదు. 1942లో బెంగాల్ వరిని ఇది బాగా దెబ్బతీసింది, ఆ మరుసటి ఏటి కరువుకు ఇదీ ఒక కారణమని రాసినవాళ్లున్నారు. కరువు మొత్తాన్ని బూజు నెత్తిన రుద్దేస్తే నేనొప్పుకోను, అప్పటి పాలకుల తప్పులు దాని చాటున తేలిగ్గా దాక్కుంటాయి.

మేం అడిగేది పెద్ద ప్రాజెక్టేమీ కాదు. ఈ ఖరీఫ్‌లోనే మా రెండు మండలాల పొలాల నుంచీ, పక్కనున్న నివ్వరి నుంచీ మచ్చలున్న ఆకులు, గింజలు సేకరించి డీఎన్ఏ పరీక్ష చేయించండి. సంయోగ రకాలు రెండూ ఉన్నాయో లేదో చూడమనండి. వచ్చిన ఫలితం ఫైల్లో పెట్టి మూసేయకుండా, అర్థమయ్యే తెలుగులో రైతు సేవా కేంద్రాల గోడ మీద అంటించండి. అది తేలేదాకా నివ్వరి మీద కలుపు మందు కొట్టమని ఎవరూ సలహా ఇవ్వకుండా ఒక సర్క్యులర్ పంపండి చాలు.

ఇట్లు,
విశాఖ జిల్లా వరి రైతు కుటుంబం నుంచి ఒకరు